మూడో పీరియడ్‌లో ఫోను

1991 ఆగస్టు 3, శనివారం, తెనాలి

ఈ డైరీ పోయినేడాదిది. ఎవరో ఇన్సూరెన్స్ ఏజెంటు ఇస్తే బీరువాలో పడేశాను. అన్నీ ఖాళీ పేజీలే. తారీఖులు కొట్టేసి రాసుకుంటున్నాను. సాయంత్రాలు ఈ ఇంట్లో నేను మాట్లాడేది పాలామెతో మాత్రమే, అదీ నీళ్ళ గురించి. కాబట్టి ఇక్కడ మాట్లాడుకోవచ్చు.

రేపల్లె నుంచి ఇప్పుడే వచ్చాను. దొరికింది! ఇన్నాళ్ళకి నా పీహెచ్‌డీకి ఒక ప్రాణం దొరికింది.

'సహకార సంస్థల్లో సమాచార వ్యవస్థల నిర్వహణ' అని గంభీరమైన పేరు పెట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగానో. ఎక్కడ చూసినా ఒకటే తంతు. ఒకాయన కుర్చీలోంచి కేకేస్తాడు, ఇంకొకాయన తలూపుతాడు, ఎవరేం చెప్పారో ఎవరికీ గుర్తుండదు. ఈ తూర్పుకాలువ రైతు సహకార సంఘం అలా కాదు. రెండు గదులు, మధ్యలో తలుపు లేని గుమ్మం. ఇటు గోడౌన్ లెక్కలు చూసే బసవేశ్వరరావు గారు, అటు బిల్లులు రాసే లక్ష్మీనారాయణ గారు. రైతు యూరియా కోసం వస్తే లక్ష్మీనారాయణ గారు తెల్ల చీటీ మీద 'సరుకు ఉన్నదా' అని రాస్తారు. అటెండరు అంద్రెయ అది పట్టుకుని గుమ్మం దాటతాడు. బసవేశ్వరరావు గారు వెనక్కి తిప్పి 'ఉన్నది' అని రాసి సంతకం పెడతారు. అప్పుడు బిల్లు. ప్రతి ప్రశ్నా కాగితం మీదే, ప్రతి జవాబూ కాగితం మీదే. ఫ్యాను వేయాలన్నా చీటీయే!

ఫిబ్రవరి నెలాఖరుకి నా రిజిస్ట్రేషను గడువు అయిపోతుంది. ఇంక పొడిగించరు. ఈలోపు థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళ పనీ అటకెక్కుతుంది. ఇస్తాను.

ఆగస్టు 8, గురువారం

కాలేజీలో క్లాసు నుంచి వచ్చేసరికి ఆఫీసు గుమాస్తా శ్రీనివాసరావు చీటీ ఇచ్చాడు. "బాపట్ల నుంచి ఫోను. మీ అక్కగారు. బాగున్నారా అని అడిగారు."

మళ్ళీ మూడో పీరియడ్‌లోనే. గురువారం మూడో పీరియడ్ నాకు బి.కాం. ఫైనలియర్ అని బావగారికి టైంటేబుల్ పంపాను కదా, నా చేత్తో రాసి మరీ. అక్క చూసి ఉండదు. దానికి నా విషయాలు చూసే తీరిక ఎక్కడిది.

చీటీ పుస్తకంలో పెట్టుకున్నాను, పేజీ గుర్తుకి.

ఆగస్టు 10, శనివారం

రేపల్లె నుంచి వచ్చి, స్టేషను బయట బూత్ నుంచి బాపట్లకు ఫోను చేశాను. బావగారే తీశారు. చంద్రశేఖరం బావగారు నెమ్మదైన మనిషి.

"మీ అక్క గుడికెళ్ళిందమ్మా. శనివారం కదా."

"బాగున్నానని చెప్పండి బావగారూ."

"చెప్తాను. భోజనం చేశావా?"

"చేశానండి."

చేయలేదు. శనివారం సాయంత్రం అక్క భావనారాయణస్వామి గుడికి వెళ్తుందని నాకు తెలియదా ఏంటి. తెలుసు. కానీ రేపల్లె రైలు దిగేది ఆ టైముకే, నేనేం చేయను.

సెప్టెంబరు 14, శనివారం

గైడు వెంకటరాఘవయ్య గారికి నాలుగో అధ్యాయం చూపించాను. 'రాతపూర్వక సమాచార ప్రవాహం: ఒక ఆదర్శ నమూనా'. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన నా విషయంలో కళ్ళజోడు తుడుచుకోవడం ఇదే మొదటిసారి.

"ఇది కదమ్మా కావలసింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?"

సంఘం ప్రెసిడెంటు గారు కూడా నా రిపోర్టు అడిగి తీసుకున్నారు. కంప్యూటరు కొంటున్నారట. విజయవాడ కంపెనీ ప్రోగ్రామర్‌తో, "మేడమ్ గారు రాసినట్టే పెట్టండి, ఒక్క అక్షరం పొల్లు పోకూడదు" అన్నారు. నేను రాసినదాన్ని బట్టి ఒకరు పని చేయడం! ఎవరికన్నా చెప్పాలనిపించింది. రైల్లో పక్కన కూర్చున్నావిడకి చెప్పాను. ఆవిడ "మంచిదమ్మా" అని వేమూరులో దిగిపోయింది.

అక్టోబరు 5, శనివారం

కంప్యూటరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, కీబోర్డుకి కుంకుమ పెట్టారు. ప్రోగ్రామర్ లబలబలాడాడు.

చెరొక గదిలో ఒక తెర. లక్ష్మీనారాయణ గారు ప్రశ్న టైపు చేస్తారు, అది బసవేశ్వరరావు గారి తెర మీద వస్తుంది, ఆయన జవాబు కొడితేనే బిల్లు కదులుతుంది. అచ్చం నా నాలుగో అధ్యాయమే, కరెంటుతో నడుస్తోంది. ఇద్దరూ బుద్ధిగా కొట్టారు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. కొత్త కదా అనుకున్నాను.

అక్టోబరు 17, గురువారం

బాపట్ల ఫోను. క్లాసులో ఉన్నాను.

నవంబరు 5, దీపావళి

పక్కింటి వాళ్ళు మతాబులు కాలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. పిలిచారు. పని ఉందన్నాను. పనేం లేదు.

బాపట్ల నుంచి వస్తున్న మా కాలేజీ లెక్చరర్ చేతికి బావగారు ఒక డబ్బా ఇచ్చి పంపారు. మినపసున్ని. ఎవరు చేశారో తెచ్చినాయన చెప్పలేదు. అమ్మ ఎలా చేసేదో అలాగే, నెయ్యి చేతికి అంటుతూ. బావగారికి స్టవ్ వెలిగించడం కూడా రాదు.

అమ్మ పోయాక అక్క వచ్చి, ఈ ఇల్లు అద్దెకిచ్చేసి బాపట్ల వచ్చి తమతో ఉండమంది. నాకు పీహెచ్‌డీ సీటు అప్పుడే వచ్చింది. రానన్నాను. "ఎవరు చూడాలని ఈ చదువు?" అంది. వంటింట్లో నిలబడి, కత్తిపీట కడుగుతూ. మామూలుగానే అంది. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. నేను మానేశానో అది మానేసిందో ఇప్పుడు చెప్పడం కష్టం.

ఐదు ఉండలు ఒకేసారి తిన్నాను. రాత్రి భోజనం మిగిలింది.

నవంబరు 23, శనివారం

వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాను. కోపమో, సిగ్గో. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సంఘం నిండా జనం. మిరపకీ, కూరగాయలకీ పై ఎరువు వేసే రోజులు. చెరుకుపల్లి నుంచి ట్రాక్టరు వేసుకుని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. బసవేశ్వరరావు గారి తెర ఆరిపోయింది. లక్ష్మీనారాయణ గారి తెర మీద 'జవాబు కొరకు వేచి ఉండుడు' అని మెరుస్తూనే ఉంది. కంప్యూటరు వచ్చాక చీటీలు కట్టిపెట్టేశారు, కాబట్టి వేచి ఉన్నారు. ఈయన ఈ గదిలో, ఆయన ఆ గదిలో, గుమ్మంలోంచి ఒకరికొకరు కనబడుతూనే. రైతులు అరుస్తున్నారు. గోడౌన్లో బస్తాలు దూలాల దాకా ఉన్నాయి.

నేను ఊరుకోలేక బయటికి అనేశాను. "లక్ష్మీనారాయణ గారూ, యూరియా ఉందా అని నోటితో ఒక్క మాట అడగరాదా సార్? అదుగో ఆయన అక్కడే ఉన్నారుగా!"

లక్ష్మీనారాయణ గారు పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. బసవేశ్వరరావు గారు లేచి వెనక గోడౌన్లోకి వెళ్ళిపోయారు. అంద్రెయ నా దగ్గరికొచ్చి, మెల్లగా, "వాళ్ళకి మాటల్లేవు కదండీ" అన్నాడు. మీకు తెలీదా అన్నట్టు.

గోడౌన్లోకి వెళ్ళాను. బసవేశ్వరరావు గారు బస్తా మీద కూర్చుని ఉన్నారు.

"ఆయన మీకేమవుతారండీ?"

"బావ. మా చెల్లెలు సుబ్బాయమ్మ మొగుడు."

"ఎన్నాళ్ళయింది మాట్లాడుకోక?"

"మా పెద్ద మేనకోడలి పెళ్ళి నుంచి." కాసేపు బస్తా పురికొస పీకుతూ కూర్చున్నారు. "పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసేది మేనమామ కదండీ. అది పుట్టినప్పటి నుంచీ దాని బుట్ట నేనే మోస్తానని చెబుతుండేవాణ్ణి. బుట్ట నేనే అల్లించాను, దగ్గరుండి. భట్టిప్రోలు నుంచి సైకిలు మీద కట్టుకుని బయల్దేరా. ముందు రోజు వానకి కట్ట తెగి, చుట్టు తిరిగి వెళ్ళేసరికి ఆలస్యమయింది. ముహూర్తం దాటిపోతుందని మా బావ ఇంకెవర్నో పట్టుకుని, ఇంకేదో బుట్టలో పిల్లని తెప్పించేశాడు. నా మేనకోడల్ని ఎవడో మోశాడండీ. నేను ఖాళీ బుట్ట పట్టుకుని పందిట్లో నిలబడ్డాను. అన్నం తినకుండా వెనక్కొచ్చేశా."

"ఆ బుట్ట ఏం చేశారండీ?" అన్నాను.

"ఇంట్లోనే ఉంది. మా ఆవిడ ఉల్లిపాయలు పోస్తుంది."

ఇదీ నా ఆదర్శ నమూనా. చీటీలు పద్ధతి కాదు, పోట్లాట. వాళ్ళు రాసుకున్నది మాట్లాడుకోవడం ఇష్టంలేక. ఊరందరికీ తెలుసు, టీ కొట్టాయనకి తెలుసు. నేను తెలుగుదాన్నే, 'మాటల్లేవు' అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్నే. వచ్చి నెలల తరబడి ఆ గుమ్మం పక్కన కూర్చుని, ఆహా ఎంత క్రమశిక్షణ అని పేజీలు నింపాను. పైగా దాన్ని కంప్యూటర్లో పెట్టించాను. ఒక అలకని కొబ్బరికాయ కొట్టి ప్రారంభించాం.

నవంబరు 24, ఆదివారం

రోజంతా పడుకున్నాను. పాలామె తలుపు కొట్టింది. లేవలేదు.

డిసెంబరు 8, ఆదివారం

రాఘవయ్య గారింటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. బుట్టతో సహా. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"చీటీలు ఉన్నాయా లేదా?"

"ఉన్నాయండి."

"సంతకాలు?"

"ఉన్నాయండి."

"మరింకేంటి? ఎందుకు రాసుకుంటున్నారనేది మనకి అనవసరం. థీసిస్‌లో పెళ్ళిళ్ళు, బుట్టలు ఉండవమ్మా. పరీక్షకులు నార్తు వాళ్ళు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేయండి, డాక్టరేట్ పుచ్చుకోండి."

"తప్పు కదండీ?"

"ఫిబ్రవరి తర్వాత మీకు తప్పు చేసే అవకాశం కూడా ఉండదు."

నిజమే చెప్పారు. ఆయన మాట వింటే నాలుగో అధ్యాయం సిద్ధంగా ఉంది, బైండింగుకి ఇవ్వడమే. మార్చాలంటే మొదలుకంటా మార్చాలి, ఆయన సంతకం పెట్టకపోవచ్చు. ఇవ్వకుండా మిగిలిపోతే 'ఎవరు చూడాలని ఈ చదువు' అన్న మాటే నెగ్గుతుంది.

ఇచ్చేస్తాను. ఎందుకొచ్చిన గొడవ. నిర్ణయించుకున్నాను.

డిసెంబరు 19, గురువారం

బాపట్ల ఫోను. "బాగున్నారా అని అడిగారు." శ్రీనివాసరావు ఈ మధ్య అడక్కుండానే చీటీ రాసి నా టేబుల్ మీద పెట్టేస్తున్నాడు. పాపం, మంచివాడు.

1992 జనవరి 18, శనివారం

ఊరికే ఇంకొంచెం సమాచారం కోసం రేపల్లె వెళ్ళాను. సమాచారం అక్కర్లేదు, అయినా వెళ్ళాను. ఆ గుమ్మం పక్క కుర్చీ అలవాటయింది.

మెట్ల మీదే వినబడింది. "బావా, డీఏపీ ఎంత కావాలన్నాడు ఆయన?" "పదిహేను ఇవ్వరా. ఆ చిరుగు బస్తాలు ఇవ్వమాక."

గుమ్మానికి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. నా నాలుగో అధ్యాయం నా కళ్ళ ముందే కబుర్లు చెప్పుకుంటోంది!

సుబ్బాయమ్మ గారికి గుంటూరులో ఆపరేషను అయిందట. ఇద్దరూ ఆసుపత్రి వరండాలో పడుకున్నారట. ఆవిడ కోలుకుంది. వీళ్ళూ కోలుకున్నారు.

కంప్యూటరు మాత్రం ఒప్పుకోవడం లేదు. నోటితో అన్నీ అయిపోయాక కూడా, బిల్లు రావాలంటే ఈయన ప్రశ్న కొట్టాలి, ఆయన జవాబు కొట్టాలి. "రాయి బావా, లేకపోతే ఇది ఊరుకోదు" అని బసవేశ్వరరావు గారు నవ్వుతున్నారు. "మేడమ్ గారు మాకు మంచి పెద్దమనిషిని తెచ్చిపెట్టారు, మేం కలిసినా ఇది కలవనివ్వదు" అని లక్ష్మీనారాయణ గారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు, సుబ్బాయమ్మ గారు పంపిన కారప్పూస పెట్టారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కబుర్లలో పడి నన్ను మరిచిపోయారు. వాళ్ళ తప్పేం లేదు. తిరుగు రైల్లో ఏడుపొచ్చింది. ఎదుటి సీటాయన కిటికీ దించాడు, నుసి పడిందనుకుని.

జనవరి 26, ఆదివారం

అనుబంధంలో పెట్టడానికి చీటీల నమూనాలు విడదీస్తున్నాను. ప్రతి చీటీకీ పట్టికలో రాయాలి: ఎవరి నుంచి, ఎవరికి, ఎవరి ద్వారా, ముఖాముఖి అడిగే వీలు ఉందా లేదా. చెయ్యి యంత్రంలా పోతోంది. ఒక చీటీకి రాశాను:

ఎవరి నుంచి: అక్క.
ఎవరికి: నాకు.
ఎవరి ద్వారా: శ్రీనివాసరావు.
ముఖాముఖి అడిగే వీలు:

అక్కడ ఆగిపోయాను. పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకున్న ఫోను చీటీ వీటిలో కలిసిపోయింది. పుస్తకాలన్నీ దులిపాను. ఎన్నో రాలాయి. అన్నీ గురువారాలే. అన్నీ మూడో పీరియడే.

అక్క టైంటేబుల్ చూడలేదనుకున్నాను. చూసింది. చూసే చేస్తోంది. నేను తీయనని ఖాయంగా తెలిసిన టైము చూసుకుని చేస్తోంది. నేను శనివారం సాయంత్రం చేసినట్టే.

మేమిద్దరం ఇన్నేళ్ళుగా ఎంత చక్కగా నడుపుతున్నాం! ఒక్క గురువారం తప్పలేదు. బసవేశ్వరరావు గారిని చూసి నవ్వుకున్నానే, ఆయన దగ్గర కనీసం ఒక బుట్ట ఉంది చూపించడానికి. నా దగ్గర ఒక వాక్యం ఉంది, అది కూడా కత్తిపీట కడుగుతూ అన్నది.

జనవరి 31, శుక్రవారం

లక్ష్మీనారాయణ గారిని అడిగాను. థీసిస్ కోసమని చెప్పాను.

"ముందు ఎవరు మాట్లాడారండీ?"

ఆయన ఆలోచించారు. "ఎవరూ కాదనుకుంటానండీ. ఆసుపత్రి ఎదురు హోటల్లో జనం ఎక్కువ, ఇద్దరికీ ఒకే బల్ల దొరికింది. నేను పచ్చడి వేసుకున్నా. మండిపోతోంది. వాడికి కడుపులో పుండు ఉంది, నాకు తెలుసు. వాడు గిన్నె అందుకుంటుంటే, 'వేసుకోమాక, కారం' అన్నా. అనుకోకుండా వచ్చేసింది."

"ఆయనేమన్నారు?"

"ఏమన్లేదు. వేసుకోలేదు."

"క్షమాపణ... బుట్ట సంగతి..."

"దాని ఊసే రాలేదండీ ఇప్పటిదాకా. ఎందుకూ?"

ఫిబ్రవరి 16, ఆదివారం

నాలుగో అధ్యాయం చింపి మళ్ళీ రాశాను. కొత్త పేరు: 'ఒకే గదిలో ఉన్నవారి మధ్య రాతపూర్వక సమాచారం: నమూనాగా పొరబడిన మౌనం'. ఆఫీసులో ఏది ఎలా నడుస్తోందో రాసుకునే ముందు అలా ఎందుకు నడుస్తోందో అడగాలని, అడక్కుండా కంప్యూటర్లో పెడితే మనుషులు మారినా యంత్రం మారదని రాశాను. పరిశోధకురాలు ఈ పొరపాటు ఎలా చేసిందో కూడా రాశాను. ఊరి పేరు, వాళ్ళ పేర్లు తీసేశాను. బుట్ట ఉంచాను.

రాఘవయ్య గారు మొత్తం చదివారు. వాళ్ళావిడ రెండుసార్లు కాఫీ తెచ్చింది.

"వైవాలో మిమ్మల్ని ఏడిపిస్తారు."

"ఏడిపించనివ్వండి సార్."

"నేను అడ్డం రాను, ముందే చెప్తున్నా."

"సరేనండి."

సంతకం పెట్టారు. పెట్టి, పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ బుట్ట దగ్గర ఆగారు. "పాపం, ఉల్లిపాయలు పోస్తోందా," అన్నారు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఇచ్చేశాను. యూనివర్సిటీ కౌంటర్లో ఒకతను స్టాంపు కొట్టి, రసీదు ఇచ్చి, "తర్వాత" అన్నాడు. నా వెనక ఉన్నవాణ్ణి.

ఇంటికొచ్చి తాళం తీశాను. చెప్పడానికి ఎవరూ లేరు. రేపు శనివారం. సాయంత్రం బూత్‌కి వెళ్ళి బావగారికి చెప్పొచ్చు.

ఫిబ్రవరి 29, శనివారం

వెళ్ళలేదు.

మార్చి 5, గురువారం

ఈ ఏటికి ఇదే ఆఖరి వారం క్లాసులు. మూడో పీరియడ్‌కి బి.కాం. వాళ్ళకి పాత ప్రశ్నపత్రం ఇచ్చి రాసుకోమని, కిందికి దిగి ఆఫీసు గదిలోకి వెళ్ళాను.

శ్రీనివాసరావు లేచి నిలబడ్డాడు. "ఏంటి మేడమ్, క్లాసు లేదా?"

"నువ్వెళ్ళి టీ తాగిరా."

"ఫోను వస్తే..."

"నేను చూసుకుంటాలే."

అతను నన్నూ ఫోనునూ చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. కుర్చీలో కూర్చున్నాను. బల్ల మీద చీటీల కట్ట, దాని మీద పెన్ను, రాయడానికి సిద్ధంగా పెట్టి ఉన్నాయి. ఈ వారం చేయదేమో అనుకున్నాను. చేయకపోతే బాగుండుననీ అనుకున్నాను.

మోగింది. తీశాను. హలో అనలేదు.

"కాలేజీ ఆఫీసేనాండీ? బాపట్ల నుంచండీ. వెంకటరమణమ్మ గారు క్లాసులో ఉంటారు కదా, పిలవద్దులెండి. ఒక మాట చెబితే చాలు." గొంతు కొంచెం ముసలిదయింది. ఎవరో పరాయివాళ్ళతో మాట్లాడుతున్నట్టు ఎంత మర్యాదగా అంటోందో. "బాగుందా అని అడిగానని చెప్పండి. ఆ పుస్తకం ఏదో ఇవ్వాలి ఫిబ్రవరిలో, ఇచ్చేసిందా అని... లేదులెండి, అది వద్దు. బాగుందా అని అడిగానని చెప్పండి, అంతే."

'చెప్తానండి' అని పెట్టేసి ఉండొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"ఇచ్చేశానక్కా," అన్నాను.

అటు వైపు ఎవరో వాకిట్లో బిందె దించిన చప్పుడు వినబడింది. పెట్టేస్తుందనుకుని రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాను.

చాలాసేపటికి అంది.

"ఇవాళ క్లాసు లేదా?"

"ఉంది," అన్నాను.

అక్క ఏమీ అనలేదు. పెట్టెయ్యనూ లేదు. నేనూ పెట్టలేదు. గంట కొట్టేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.